కంచే చేను మేస్తే...

మా అమ్మ తెనాలి దగ్గర పల్లెటూళ్ళో ఒక్కతే ఉంటుంది. హైదరాబాద్ వచ్చేయమంటే 'ఈ తులసికోటనీ నాలుగు కొబ్బరిచెట్లనీ ఎవరు చూస్తార్రా' అంటుంది. పదిహేనేళ్ళుగా షుగరు. నెలకు సరిపడా ఇన్సులిన్ ఒకేసారి తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటుంది. సీలు తీయని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉండాలి. మాఊళ్ళో కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో వోల్టేజీ దిగినప్పుడల్లా ఫ్రిజ్ పక్కనున్న స్టెబిలైజర్ టక్కుమని ఆగిపోతుంది.

ఇంతకాలంగా మీకు పెట్టెలు చేసుకోవడం చెబుతున్నవాణ్ణి, కన్నతల్లికి ఒకటి చేసిపెట్టకపోతే ఎలా? 2023 మే నెలలో ఒక ఆదివారం ఊరెళ్ళి, ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత చూసి వైఫై మీద నా ఫోనుకి పంపే చిన్న డబ్బా బిగించి వచ్చాను. ఇంటర్నెట్ రౌటర్ ఇన్వర్టర్ మీదే ఉంది కాబట్టి కరెంటు పోయినా కబురు వస్తుంది. సోమవారం 5 డిగ్రీలు. మంగళవారం 5 డిగ్రీలు. భలే!

బుధవారం అమ్మ గుంటూరులో పెళ్ళికెళ్ళింది. గురువారం అక్కణ్నుంచి ఫోన్. 'ఒరేయ్, ఫ్రిజ్ ఎలా ఉంది?' నేను తెర చూసి 'నిక్షేపంలా ఉందమ్మా, 5 డిగ్రీలు' అన్నాను. శనివారం అమ్మ ఇంటికి చేరాక పక్కింటి పిన్నిగారు మాటల్లో చెప్పారట: బుధవారం రాత్రి గాలివానకి స్టెబిలైజర్ ఆగిపోయిందనీ, శుక్రవారం పొద్దున తులసికి నీళ్ళు పోయడానికి వచ్చి చూసి తానే మళ్ళీ ఆన్ చేశాననీ, అప్పటికి ఐసంతా నీళ్ళయిపోయిందనీ.

మే నెల ఎండల్లో దాదాపు ఒకటిన్నర రోజు! ఇన్సులిన్ సీసాలు మాత్రం ఎప్పటిలాగే మెరుస్తున్నాయి. వేడికి పాడైన ఇన్సులిన్ చూడ్డానికి మంచిదానిలాగే ఉండొచ్చు. అదే దాని ప్రమాదం. డాక్టరుగారు మొత్తం పారేయమన్నారు. పారేశాం. పిన్నిగారు ఆ మాట చెప్పకపోయి ఉంటే అమ్మ అదే వేసుకునేది.

నా ఫోనులో 5 డిగ్రీలు ఎలా వచ్చింది? అది మంగళవారం రాత్రి వచ్చిన చివరి అంకె. తర్వాత డబ్బా చచ్చిపోయింది. తెర మీద అంకె అలాగే కూర్చుంది. దాని పక్కనున్న తేదీ నేను చూడలేదు.

అమ్మ కోప్పడలేదు. 'పోన్లేరా. నీ డబ్బా లేనప్పుడు పక్కింటి పిన్నినడిగేదాన్ని. ఈసారి నిన్నడిగాను' అంది. ఆ మాట నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

ఎవరు తిన్నారు?

మళ్ళీ ఊరెళ్ళి డబ్బా విప్పాను. సెన్సర్ బాగుంది. వైఫై చిప్పు బాగుంది. ప్రోగ్రాములో తప్పు లేదు. బ్యాటరీ మాత్రం ఖాళీ! అరగంటకోసారి అయిదు సెకన్లు మేలుకుని, కబురు పంపి, మళ్ళీ నిద్రపోయే డబ్బా అది. రెండు రోజుల్లో బ్యాటరీ మొత్తం ఎవరు తాగేశారు?

దొంగ ఇంట్లోనే ఉన్నాడు. నేను వాడింది పెట్టెలాంటి చిన్న 9 వోల్టుల బ్యాటరీ. దాన్ని 5 వోల్టులకు దించడానికి 7805 పెట్టాను. వైఫై బోర్డు మీద 5 నుంచి 3.3కి దించే ఏఎంఎస్1117 అప్పటికే ఉంది. ఈ రెండూ వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్లు. అవతల ఎవరూ ఏమీ వాడుకోకపోయినా, మేలుకుని ఉన్నందుకు ఒక్కోటి దాదాపు 5 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. రెండూ కలిసి 10. చిన్న 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ ఇచ్చేది సుమారు 500 మిల్లీ ఆంపియర్ గంటలు. అయిదొందల్ని పదితో భాగించండి. యాభై గంటలు! ఆదివారం సాయంత్రం నుంచి మంగళవారం రాత్రికి సరిగ్గా సరిపోయింది.

కంచే చేను మేసిందన్నమాట. వైర్‌లెస్ సెన్సర్లు చేసుకునే కుర్రాళ్ళు రేడియో గురించీ ప్రోగ్రాము గురించీ పది ప్రశ్నలడుగుతారు. వోల్టేజీ మార్చే ఆ మూడుకాళ్ళ ముక్క గురించి ఒక్కటీ అడగరు. నేనూ ఆలోచించలేదు. అందుకే ఈ ఆదివారం ముచ్చటంతా దాని గురించే.

అయిదెందుకు, మూడెందుకు?

అసలు అన్నీ ఒకే వోల్టేజీ మీద పనిచేస్తే ఈ గొడవే లేదు కదా! 1960ల్లో వచ్చిన టీటీఎల్ చిప్పులు 5 వోల్టులతో పనిచేసేవి. ఆ అలవాటు అలా నిలిచిపోయింది. మనవాళ్ళు మొదట చేతిలోకి తీసుకునే ఆర్డ్యునో యూనో ఇప్పటికీ 5 వోల్టులదే. యూఎస్‌బీ చార్జర్ మామూలుగా ఇచ్చేదీ 5 వోల్టులే.

చిప్పులోని ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్న కొద్దీ అవి తట్టుకునే వోల్టేజీ తగ్గుతుంది. తక్కువ వోల్టేజీ అంటే కరెంటూ ఆదా. అందుకే కొత్త రేడియో చిప్పులన్నీ 3.3 వోల్టుల చుట్టూ తిరుగుతాయి. 2014 నుంచి హాబీ లోకాన్ని ఊపేసిన షాంఘై కంపెనీ ఎస్ప్రెస్సిఫ్ వారి ఈఎస్‌పీ8266 వైఫై చిప్పు పరిమితి 3.6 వోల్టులు. పొదుపుకి పేరున్న ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 ప్లస్ రేడియో 1.9 నుంచి 3.6 వరకు. వీటికి నేరుగా 5 వోల్టులిస్తే కొన్ని వెంటనే చస్తాయి. కొన్ని నాలుగు రోజులు నడిచి, అప్పుడు చస్తాయి. రెండో రకమే ఎక్కువ ఏడిపిస్తుంది.

ఇక బ్యాటరీల లెక్క వేరు. లిథియం సెల్లు నిండుగా ఉంటే 4.2, మధ్యలో 3.7, ఖాళీ అయ్యేసరికి 3 వోల్టులు. రెండు మామూలు పెన్సిల్ సెల్లులు కలిస్తే కొత్తలో 3, పాతబడితే 2. ఏదీ సరిగ్గా 3.3 కాదు. ఉన్నదానికీ కావలసినదానికీ మధ్య ఒక మెట్టు కట్టుకోవాలి. అదే కన్వర్టర్.

చిల్లర ఇవ్వని కొట్టు

కన్వర్టర్లలో మనకు పనికొచ్చేవి మూడు రకాలు.

మొదటిది లీనియర్ రెగ్యులేటర్. ఇది చిల్లర తిరిగివ్వని కొట్టు. 9 రూపాయలిచ్చి 3 రూపాయల 30 పైసల సరుకు కొంటే మిగతాది వేడి రూపంలో పోయినట్టే. 12 వోల్టుల అడాప్టర్ నుంచి 3.3 తీసి 300 మిల్లీ ఆంపియర్లు వాడితే రెగ్యులేటర్‌లో 2.6 వాట్లు వేడవుతుంది, మీ చిప్పుకి చేరేది ఒక్క వాటు. వేలు పెడితే చురుక్కుమంటుంది. అలాగని లీనియర్‌ని తీసిపారేయకండి. లిథియం సెల్లు సగటున 3.7 వోల్టులనుకుంటే, 3.3కి దించడంలో పోయేది పదకొండు శాతమే. ఇచ్చే నోటుకీ సరుకు ధరకీ తేడా తక్కువైతే చిల్లర గురించి బాధెందుకు?

రెండోది బక్ కన్వర్టర్. కరెంటుని సెకనుకి లక్షసార్లకు పైగా ఆపుతూ వదులుతూ, ఒక తీగచుట్టలో దాచి, కావలసినంతే అందిస్తుంది. చిల్లర చాలావరకు తిరిగిస్తుంది. బజార్లో నీలం బోర్డు మీద దొరికే ఎల్ఎం2596 ఈ జాతిదే. సోలార్ పలక కింద ఉండే 12 వోల్టుల పెద్ద బ్యాటరీ నుంచి 3.3 తీయాలంటే ఇదే దారి. కానీ ఇది కూడా ఖాళీగా ఉన్నప్పుడు 5 మిల్లీ ఆంపియర్లు తింటుంది. చిన్న సెల్లు మీద నిద్రపోయే సెన్సర్‌కి దీన్ని పెట్టడమంటే గోటితో పోయేదానికి గొడ్డలెత్తడమే.

మూడోది బూస్ట్ కన్వర్టర్. తక్కువ వోల్టేజీని పెంచుతుంది. రెండు పెన్సిల్ సెల్లుల నుంచి 3.3 కావాలంటే ఇది. అయితే పెంచింది గాల్లోంచి రాదు. అవతల 100 మిల్లీ ఆంపియర్లు కావాలంటే, 1.8 వోల్టులకు దిగిన సెల్లుల నుంచి రెండొందలకు పైగా లాగుతుంది. ముసలివాడి నెత్తిన రెట్టింపు బరువన్నమాట! బక్, బూస్ట్ రెండింటికీ ఇంకో గుణముంది. ఆ ఆపడం-వదలడంలో సన్నటి రొద పుడుతుంది. పక్కనే రేడియో ఉంటే అందే దూరం తగ్గొచ్చు. కన్వర్టర్‌ని యాంటెన్నాకి వీలైనంత దూరంగా పెట్టండి.

ఒక రహస్యం చెప్పనా? అన్నిటికన్నా మంచి కన్వర్టర్, అసలు లేని కన్వర్టర్. ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 ప్లస్ లాంటి రేడియోకి రెండు పెన్సిల్ సెల్లులు నేరుగా కలిపేయవచ్చు. 3 నుంచి 2 వోల్టుల దాకా అది తానే సర్దుకుంటుంది.

నిద్రలో ఖర్చు

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. కాగితం, పెన్ను తీసుకోండి.

అరగంటకోసారి అంటే రోజుకి 48 సార్లు. ప్రతిసారీ 5 సెకన్లు, సగటున 80 మిల్లీ ఆంపియర్లు. మొత్తం 240 సెకన్లు. గంటల్లోకి మారిస్తే రోజుకి 5.3 మిల్లీ ఆంపియర్ గంటలు. ఇది మెలకువ ఖర్చు. గాఢనిద్రలో ఈఎస్‌పీ8266 తినేది 20 మైక్రో ఆంపియర్లు. రోజంతా కలిపినా అర మిల్లీ ఆంపియర్ గంట లోపే. సెన్సర్ ఖర్చు దీని ముందు లెక్కలోకి రాదు. అంతా కలిపి రోజుకి 5.8 అనుకుందాం.

దీని మీద ఏఎంఎస్1117 పెడితే? 5 మిల్లీ ఆంపియర్లు, 24 గంటలు. రోజుకి 120! కాపలావాడి జీతం ఇంటి ఖర్చుకి ఇరవై రెట్లు. 2000 మిల్లీ ఆంపియర్ గంటల లిథియం సెల్లు పెట్టినా పదహారు రోజుల్లో ఖాళీ.

అదే స్థానంలో ఎంసీపీ1700 అనే రెగ్యులేటర్ పెట్టండి. అది తనకోసం తీసుకునేది 1.6 మైక్రో ఆంపియర్లు. ఏఎంఎస్1117 తినేదానిలో మూడువేల వంతు! అప్పుడు అదే సెల్లు కాగితం మీద 340 రోజులొస్తుంది. చిప్పు మారలేదు, ప్రోగ్రాము మారలేదు. రెండు టీల ఖరీదు చేసే మూడుకాళ్ళ ముక్క మారింది. పదహారు రోజులెక్కడ, పదకొండు నెలలెక్కడ!

అందుకని రెగ్యులేటర్ కొనేటప్పుడు 'ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది' అని ఒక్కటే అడగకండి. డేటాషీట్‌లో క్వయసెంట్ కరెంట్ అని ఒక వరుస ఉంటుంది. అదే దాని సొంత జీతం. దాని కిందే డ్రాపవుట్ వోల్టేజీ ఉంటుంది. లోపలికొచ్చే వోల్టేజీ, బయటికిచ్చేదానికన్నా కనీసం ఎంత ఎక్కువుండాలో చెప్పే అంకె అది. 7805కి దాదాపు 2 వోల్టులు కావాలి. ఏఎంఎస్1117కి ఒక వోల్టు పైచిలుకు. 3.7 వోల్టుల సెల్లు నుంచి అది 3.3 ఎలా ఇస్తుంది చెప్పండి? ఎంసీపీ1700కి 250 మిల్లీ ఆంపియర్ల దగ్గర కూడా 0.2 వోల్టుల లోపే చాలు.

దానికీ ఒక హద్దుంది. లోపలికి 6 వోల్టులు దాటకూడదు. 9 వోల్టుల బ్యాటరీ తగిలించారో, అంతే సంగతులు. 12 వోల్టుల దాకా తట్టుకునే చిన్నది కావాలంటే హెచ్‌టీ7333 ఉంది. దాని జీతం సుమారు 4 మైక్రో ఆంపియర్లు.

క్షణం దాహం

ఇక్కడ ఒక చిక్కు. ఎంసీపీ1700 ఇవ్వగలిగేది 250 మిల్లీ ఆంపియర్లు. ఈఎస్‌పీ8266 వైఫై మీద కబురు విసిరే క్షణంలో అంతకు మించి లాగుతుంది. క్షణంలో కొద్ది భాగమే. కానీ ఆ కాస్తలో వోల్టేజీ కుంగితే చిప్పు తికమకపడి మళ్ళీ మొదటి నుంచి మొదలెడుతుంది. అది విఫలం, మళ్ళీ మొదలు... ఇలా తెల్లవార్లూ లేస్తూ పడుతూ బ్యాటరీ అవజేస్తుంది. 'సార్, నా మాడ్యూల్ రీసెట్ అవుతూనే ఉంది' అని మీరు రాసే ఉత్తరాల్లో చాలావాటికి జవాబు ఇదే.

మన ఇంటి మీద వాటర్ ట్యాంకు ఎందుకుంటుంది? మోటారు నెమ్మదిగా నింపుతుంది. పొద్దున్నే ఇంటిల్లిపాదీ ఒకేసారి కుళాయిలు తిప్పినా ట్యాంకు తట్టుకుంటుంది. ఇక్కడ ట్యాంకు పని కెపాసిటర్ చేస్తుంది. వైఫై చిప్పు పక్కనే 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్, దానికి తోడు 0.1 మైక్రోఫారడ్ల చిన్న సెరామిక్ బిళ్ళ ఒకటి. 'పక్కనే' అంటే పక్కనే. జానెడు వైరు చివర పెడితే ట్యాంకు పక్కవీధిలో కట్టినట్టే. ఎన్‌ఆర్‌ఎఫ్24 రేడియోకైతే 10 మైక్రోఫారడ్లు చాలు, అది కూడా కాళ్ళకు అంటుకునేలా.

ఇంకో పొరపాటు. ప్రోగ్రాము ఎక్కించడానికి వాడే యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ మీద 3.3 వోల్టుల పిన్ను కనిపిస్తుంది. దాన్నుంచే వైఫై చిప్పుకి కరెంటిచ్చేస్తారు. ఎఫ్‌టీ232ఆర్ చిప్పుతో వచ్చే అడాప్టర్‌లో ఆ పిన్ను ఇవ్వగలిగేది 50 మిల్లీ ఆంపియర్లే. ఆర్డ్యునో యూనో మీద 3.3 పిన్నుకి రాసి ఉన్నదీ అంతే. ఏనుగు దాహానికి ఉద్ధరిణెతో నీళ్ళా? ఆ పిన్నుని వదిలేయండి, కరెంటు విడిగా ఇవ్వండి. గ్రౌండు మాత్రం రెంటికీ కలపడం మరవకండి.

కాళ్ళు కలవకపోతే

వోల్టేజీ కుదిరింది, ఇక బిగిద్దామంటే కాళ్ళు కలవవు! మన బ్రెడ్‌బోర్డుల్లోనూ చిల్లుల బోర్డుల్లోనూ రంధ్రాల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. ఈఎస్‌పీ-12 వైఫై మాడ్యూలుకీ, ఎక్స్‌బీ రేడియోకీ కాళ్ళ మధ్య దూరం 2 మిల్లీమీటర్లే. వంచి దూర్చబోతే విరుగుతాయి. దీనికి అడాప్టర్ పలకలు దొరుకుతాయి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. ఈఎస్‌పీ-12 కోసం వచ్చే తెల్లపలక నాకిష్టం. అవసరమైన రెండు 10 కిలో ఓముల రెసిస్టర్లు దాని మీదే ఉంటాయి. యూఎస్‌బీ చిప్పు, ఏఎంఎస్1117 ఉన్న పెద్ద బోర్డుని పక్కన పెట్టి, ఈ పలక మీద ఒట్టి మాడ్యూల్ వాడితేనే 20 మైక్రో ఆంపియర్ల నిద్ర సాధ్యం. పెద్దబోర్డు నేర్చుకోవడానికి మంచిదే కానీ బ్యాటరీ మీద కాపురం చేయదు.

కాళ్ళ విషయంలోనే ఇంకో హెచ్చరిక. మూడు కాళ్ళుంటే అన్నీ ఒకటే అనుకోకండి. అంకెలున్న వైపు మనకేసి తిప్పి ఎడమ నుంచి చూస్తే 7805కి వరుస లోపలికి, గ్రౌండు, బయటికి. ఎంసీపీ1700కి గ్రౌండు, లోపలికి, బయటికి. ఒకదాని చోట ఇంకోదాన్ని దించేస్తే పొగ వస్తుంది.

మాటలకీ ఓ మెట్టు

కరెంటుకే కాదు, సిగ్నల్‌కీ మెట్టు కావాలి. నీళ్ళ ట్యాంకులో మట్టం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్ 5 వోల్టులది. దాని జవాబూ 5 వోల్టుల్లోనే వస్తుంది. దాన్ని 3.3 చిప్పుకి నేరుగా ఇవ్వకండి. సెన్సర్ జవాబు పిన్ను నుంచి చిప్పు పిన్నుకి 1 కిలో ఓమ్, చిప్పు పిన్ను నుంచి గ్రౌండుకి 2 కిలో ఓముల రెసిస్టర్ పెట్టండి. 5 కాస్తా 3.3 అవుతుంది. అర్ధరూపాయి వైద్యం!

ఇది ఒకవైపు మాటకే. ఒకే తీగ మీద అటూ ఇటూ మాట్లాడుకునే ఐ2సీ సెన్సర్లకి బీఎస్ఎస్138 లాంటి చిన్న మాస్‌ఫెట్, రెండు 10 కిలో ఓముల రెసిస్టర్లు కావాలి. ఇవి బిగించిన లెవెల్ షిఫ్టర్ పలకలు రెడీగా దొరుకుతాయి. మా అమ్మ ఫ్రిజ్‌లో పెట్టిన డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్‌కి ఈ గొడవ లేదు. అది 3 నుంచి 5.5 వోల్టుల దాకా ఎక్కడైనా పనిచేస్తుంది. 4.7 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి చాలు.

మొదట మీటరు, తర్వాత మాడ్యూలు

రెండోసారి డబ్బా ఎలా చేశానో చెబుతాను. ఒక 18650 లిథియం సెల్లు, ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్నది. దానికి హోల్డరు. ఎంసీపీ1700 ఒకటి, దానికి ముందూ వెనకా 1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, చిప్పు దగ్గర ఇందాకటి ట్యాంకు. అంతా అగ్గిపెట్టెంత చిల్లుల బోర్డు మీద పట్టింది.

టంకం వేశాక వెంటనే వైఫై చిప్పు తగిలించలేదు. ముందు మల్టీమీటర్. బయటికి 3.3 వస్తోందా? వచ్చింది. తర్వాత చిప్పు బదులు 22 ఓముల, 1 వాట్ రెసిస్టర్ పెట్టాను. అది 150 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. అప్పుడూ 3.3 నిలబడిందా? నిలబడింది. మూడోది, మొదటిసారి నేను చేయని పరీక్ష. రెసిస్టర్ తీసేసి, సెల్లుకీ బోర్డుకీ మధ్య మీటరుని మైక్రో ఆంపియర్ల రేంజిలో పెట్టాను. రెండు, మూడు దగ్గర ఆగింది. పాత బోర్డుని మిల్లీ ఆంపియర్ల రేంజిలో అలాగే చూస్తే, కాపలావాడి జీతం మిల్లీ ఆంపియర్లలోనే కనిపించింది. ఈ ఒక్క నిమిషం పని ముందే చేసి ఉంటే ఇన్సులిన్ పారేసే పనే లేదు.

స్క్రూతో తిప్పే బక్, బూస్ట్ బోర్డులు కొన్నవారికి ఈ నియమం మరీ ముఖ్యం. అవి ఏ వోల్టేజీ మీద ఉండి మీ చేతికొస్తాయో ఎవరికీ తెలియదు. స్క్రూ తిప్పి, మీటరులో చూసి, ఆ తర్వాతే మాడ్యూలు కలపండి.

లిథియం సెల్లుతో వేళాకోళం వద్దు. సెల్లుకి నేరుగా టంకం వేయకండి. ప్లస్సు మైనస్సులు తారుమారు చేయకండి. సెల్లు మీద 9900 మిల్లీ ఆంపియర్ గంటలని రాసి ఉంటే నమ్మకండి, 18650 సైజులో అంత పట్టదు. గోడలో 230 వోల్టుల జోలికి అసలే పోకండి. అక్కడిదాకా మంచి ఫోన్ చార్జర్ చూసుకుంటుంది.

మౌనం అంటే క్షేమం కాదు

కన్వర్టర్ మార్చడంతో పని సగమే అయింది. మిగతా సగం నా బుర్రలో తప్పు దిద్దుకోవడం. డబ్బా ఏమీ చెప్పకపోతే 'అంతా బాగుంది' అనుకున్నాను. కాపలావాడి కేక వినబడకపోతే దొంగ రాలేదని కాదు, వాడే నిద్రపోయి ఉండొచ్చు.

ఇప్పుడు డబ్బా ప్రతి కబురుతో పాటు తన సెల్లు వోల్టేజీ కూడా పంపుతుంది. 3.5కి దిగితే చార్జి చేయాలి. వైఫై పది సెకన్లలో దొరక్కపోతే వెతుకులాట ఆపి నిద్రపోతుంది, లేకపోతే రౌటర్ చెడిన రోజున సెల్లు అంతా వెతకడానికే పోతుంది. రెండుసార్లు వరుసగా 8 డిగ్రీలు దాటితే ఫోన్ మోగుతుంది. ఇన్సులిన్ గడ్డకట్టినా పనికిరాదు కాబట్టి 2 కన్నా దిగినా మోగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, రెండు గంటలపాటు ఏ కబురూ రాకపోతే కూడా మోగుతుంది. ఈ గంట కొట్టేది డబ్బా కాదు, ఇవతల వైపున్న ప్రోగ్రాము. చచ్చినవాడు తన చావు కబురు తాను చెప్పలేడు కదా!

2023 జూన్‌లో బిగించాను. కాగితం మీద పదకొండు నెలలన్నది మొదటి చార్జింగ్‌కి ఎనిమిది నెలలు వచ్చింది. సెల్లు తనంతట తాను కొంత కోల్పోతుంది, వైఫై తగులుకోవడానికి ఒక్కోసారి అయిదు సెకన్లు చాలవు. అయినా రెండు రోజులతో పోలిస్తే పండగే.

ఆ మధ్య ఒక రాత్రి మౌనం గంట మోగింది. ఇన్వర్టర్ కూడా దిగిపోయి రౌటర్ ఆగింది. నేను చేసింది ఒక్కటే, పక్కింటి పిన్నిగారికి ఫోను. ఆవిడ ఐసుముక్కలేసిన స్టీలు డబ్బాలో, సీసాలకు ఐసు తగలకుండా గుడ్డ చుట్టి తమ ఇంట్లో దాచారు. పొద్దున అమ్మ ఫోన్ చేసి 'ఒరేయ్, నీ డబ్బా బాగానే ఉంది గానీ, పిన్ని నంబరు మాత్రం దాచుకో' అంది.

దాచుకున్నాను. మీరూ ఇంట్లో పెద్దవాళ్ళ కోసం ఇలాంటిది చేస్తే, మైక్రో ఆంపియర్ల లెక్కతో పాటు పక్కింటి నంబరు కూడా రాసి పెట్టుకోండి.

వచ్చే ఆదివారం: అరచేతంత సోలార్ పలకతో ఇదే సెల్లుని నింపుకోవడం ఎలా? వానాకాలం లెక్క కూడా చూద్దాం.